రాయకూడని చోట శ్రీ

ఇంద్రేశం,
12-12-2004, ఆదివారం.

చిరంజీవి సుమిత్రకు, మీ నాయిన మొగులయ్య రెండు చేతులూ నీ నెత్తి మీద పెట్టి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఉత్తరం మొదట్లో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయాలని అయిదో తరగతిలో పంతులు నేర్పాడు. దసరా నుంచి ఆ ఒక్క మాట రాయడానికి నాకు చెయ్యి సాగలేదు. ఇవాళ రాస్తున్నాను చూడు బిడ్డా, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం! నీ తమ్ముడు లింగం క్షేమం! వాని మీద కేసు లేదు, మళ్లీ డ్యూటీ ఎక్కాడు. మీ అమ్మ ఆగమ్మ నా పక్కనే కూర్చుని, రాసిన ప్రతి మాటా పైకి చదవమంటున్నది. చదివినప్పుడల్లా కొంగుతో కండ్లు తుడుచుకుని, "ఇంకోపారి సదువు" అంటున్నది. ఇట్లయితే ఈ ఉత్తరం ఎప్పటికి తెములుతుందో.

నీ పేరు మాత్రం ఊరంతా మోగిపోతున్నది తల్లీ. చాయ్ హోటల్ కాడ మల్లన్నతో, మా బిడ్డ కర్నల్‌ల తప్పు పట్టింది అని చెప్పాను. వాడు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "నీ బిడ్డ మిల్ట్రీల ఎప్పుడు శేరిందే? కర్నల్ సాబు మీదనే తప్పు పట్టిందంటే గట్టి పిల్లనే" అన్నాడు. మిల్ట్రీ కాదురా, కంప్యూటర్ లోపట ఉంటదట, మిగతా ప్రోగ్రాములన్నీ దాని మాటే వినాలట అని విడమరిచి చెప్పాను. "మరి గదే గద కర్నల్ అంటే!" అన్నాడు. ఏమని చెప్పను? నాకు తెలిసింది కూడా అంతే. ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వి ఎన్ని రోజులైందో అప్పుడు గుర్తొచ్చింది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదానివి, దాని లోపలి సంగతి నీకు తెలుసు గానీ, ఇక్కడి సంగతి ముక్కలు ముక్కలుగానే తెలుసునని, మొదటి నుంచి రాయమని అడిగావు కదా. ఎస్టీడీ డబ్బాలో నిలబడి, వెనక లైన్లో ఉన్నవాళ్లు దగ్గుతుంటే చెప్పుకునే సంగతులు కావవి. అందుకే రాస్తున్నాను.

లింగం పని చేసే పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో దసరా నాడు పూజ చేశారు. పానాలకూ సుత్తెలకూ మోటార్లకూ బొట్లు పెట్టి, లింగం నడిపే కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌కు కూడా బంతిపూల దండ వేశారు. ఆ పూలు తెచ్చింది షిఫ్టు ఇన్‌ఛార్జి సాదుల్లా సాబ్. రంజాన్ నెల కదా, ఆ రోజు ఆయన రోజా ఉన్నాడు. ప్రసాదం వద్దనకుండా రుమాలులో కట్టుకుని, సాయంత్రం ఇఫ్తార్‌కు తింటానన్నాడట. అటువంటి మనిషి.

రియాక్టర్లు అంటే మందు వండే పెద్ద పెద్ద పాత్రలు. వాటికి ఎంత వేడి పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, చల్లార్చే నీళ్లు ఎప్పుడు వదలాలి అన్న అంకెలన్నీ ఆ కంప్యూటర్‌లో ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును అందరూ చదవవచ్చు, ఎవరూ రాయడానికి వీల్లేకుండా ఆ డిస్కుకు తాళం వేశారు. తాళం తీసే పాస్‌వర్డు మేనేజర్ సారు ఒక్కడికే తెలుసు. కంప్యూటర్ బిగించిన హైదరాబాదు కంపెనీ పిలగాడు మొదటి రోజే అందరి ముందర దాంట్లో రాయబోయి చూపించాడట. 'వీల్లేదు' అని తెర మీద వచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారట.

పూజ అయిపోయాక సాదుల్లా సాబ్ తమాషాకు, "అరే లింగం, మీ దుకాన్లల్ల కొత్త కితాబ్ మొదలువెడితే పైన శ్రీ రాస్తరు గద. గీడ నడిపిచ్చేదంత గీ కితాబే. దీనికి రాయవా?" అన్నాడు. రాయనియ్యది సాబ్, తాళమున్నది అన్నాడు లింగం. "రాయనియ్యకుంటే ఇంక మంచిదే గదరా. నువ్ రాసినట్టూ అయితది, అది రాసుకోనట్టూ అయితది. కొట్టు" అన్నాడు సాబ్. అందరూ నవ్వారు. అందులో తెలుగు అక్షరాలు లేవు కనుక లింగం ఇంగ్లీషులో ఎస్, ఆర్, ఐ అని ఫైలు పైన కొత్త వరుసగా కొట్టి, దండం పెట్టుకుని, సేవ్ అంటారట, ఆ దాచే మీట నొక్కాడు.

'వీల్లేదు' అని రాలేదు బిడ్డా. ఏ మాటా రాలేదు.

శ్రీ అట్లనే తెర మీద ఉన్నది. చెరిపేద్దామని వేలు మీట దాకా పోయిందట. పండుగ నాడు, పూలదండ వేసిన దాని మీద, శ్రీని తన చేత్తో ఎట్ల చెరుపుతాడు? పలక మీద రాసిన శ్రీని కూడా నీ చిన్నప్పుడు మీ అమ్మ తుడవనిచ్చేది కాదు. తాళం ఉన్నది కదా, ఇది తెర మీది మాటే, దానంతట అదే పోతుందనుకుని మూసేసి, భోజనానికి పోయాడు.

పోలేదు. డిస్కు మీద కూర్చున్నది. ఫైలులో ప్రతి అంకె ఒక వరుస కిందికి జరిగింది. మరునాడు పొద్దున పని మొదలైనప్పుడు, చల్లార్చే నీళ్లకు ఉండాల్సిన అంకె చోట వేరే అంకె ఉన్నది. నీళ్లు రావాల్సిన వేళకు రాలేదు. రియాక్టర్ కాగి కాగి మూత దగ్గర ఆవిరి చిమ్మింది. కింద యాదన్న ఉన్నాడు. లింగం టిఫిన్ డబ్బాలోంచి తొక్కు పచ్చడి లాక్కుని తినే యాదన్నే. భుజం నుంచి మణికట్టు దాకా, ఎదురొమ్ము మీదా చర్మం ఊడిపోయింది.

ఆటో అతను వచ్చి, ఫ్యాక్టరీల పేలింది అని మాత్రం చెప్పిపోయాడు. ఎవరికి ఏమైందో చెప్పలేదు. నేను చెప్పులు లేకుండా పోయాను. గేటు కాడ ఆపారు. నా జన్మంతా వేరే ఫ్యాక్టరీ గేటు మీద వాచ్‌మన్‌గా చేసినవాణ్ని, గేటు బయట నిలబడ్డవాళ్ల గుండె ఎట్ల కొట్టుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. అంబులెన్సులో తెల్లగుడ్డ కింద ఒక చెయ్యి కనబడ్డది. అది లింగానిదా కాదా అని చూస్తున్నాను. గడియారం లేదు, వానిది కాదు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సోమమ్మ ఏడుపు వినిపించింది. ఆమె యాదన్న భార్య. నా కొడుకు కాదని సంతోషపడ్డ నేను ఆమెకు ముఖం చూపలేక పక్కకు తిరిగాను.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. మేనేజర్ సారుకు తెలుగు అంతగా రాదు. ఫైలు తెరిచి, ఆ మూడు అక్షరాలు ఎవరి పేరో అనుకుని, "యే ఎస్సారై కౌన్ హై?" అని అరిచాడట. ఏ యూనియన్ వాడు, ఏ కంపెనీ వాడు నీతో రాయించాడని అడిగాడు. అప్పుడు అక్కడ సమ్మె మాటలు నడుస్తున్నాయి కదా. లింగం దాచలేదు. దేవుని పేరు సార్, పూజకు రాసిన అన్నాడు. తాళం ఉన్నదాంట్లో ఎట్లా రాశావు, పాస్‌వర్డు ఎవరి దగ్గర దొంగిలించావు అని మేనేజర్ పట్టుకున్నాడు. సాదుల్లా సాబ్ ముందుకొచ్చి, "నేను రోజాల ఉన్న సార్, ఝూట్ మాట్లాడ. కొట్టుమన్నది నేనే" అన్నాడు. దానితో ఇద్దరూ కలిసి చేశారన్నారు. ఇద్దరినీ గేటు బయటికి పంపారు.

చూశావా తల్లీ, నిజం చెప్పిన కొద్దీ దొంగతనం గట్టిపడ్డది. తాళం మంచిదే అని అందరికీ నమ్మకం. తాళం మంచిదైతే నా కొడుకు దొంగ.

ఠాణాకు పిలిచి బెంచీ మీద పొద్దంతా కూర్చోబెట్టేవారు. కొట్టలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఇవాళ రాస్తాం కేసు, రేపు రాస్తాం అనేవారు. వీధిలో జీపు చప్పుడు వినబడితే మీ అమ్మ రొట్టె చేస్తున్న చెయ్యి ఆగిపోయేది. జీపు దాటిపోయాక మళ్లీ కదిలేది. ఒకనాడు సోమమ్మ మన వాకిట్లోకి వచ్చి దుమ్మెత్తిపోసింది. "నీ కొడుకు శ్రీ రాసిండా, నా మొగని నొసటి రాత రాసిండా? బయటికి రమ్మను, ఇంకో అక్షరం నా మొఖం మీద రాయుమను!" అన్నది. లింగం లోపల గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. ఏమని అంటాను, ఆమె మాటలో తప్పేమున్నది?

అప్పుడు నీకు ఫోన్ చేశాను. నువ్వు ఏడుస్తావనుకున్నాను. నువ్వు ఏడవలేదు. "నాయినా, తమ్ముడు మీట నొక్కినంక 'వీల్లేదు' అనే మాట వచ్చిందా లేదా? జెర మంచిగ యాది చేసుకొమ్మను" అన్నావు. రాలేదట అని చెప్పాను. నువ్వు అదే మాట ఇంకో రెండుసార్లు అడిగావు. నా బిడ్డ కూడా తమ్ముణ్ని నమ్మడం లేదు అనుకున్నాను. అప్పుడు నువ్వు అడిగిన మాట నేను చచ్చేదాకా మరువను.

"నాయినా, నువ్ గేటు మీద ఉన్నప్పుడు, సెలవు నాడు పాసు ఉన్నోడు వస్తే లోపటికి తోలుతుంటివా?" అన్నావు. గేటే బంద్ ఉన్ననాడు పాసుతోని ఏం పని, ఎవ్వడొచ్చినా తిప్పి పంపుడే అన్నాను. "గదే నాయినా. ముందుగాల గేటు బందున్నదా అని సూడాలె, తర్వాత పాసు అడగాలె. ఈ కర్నల్‌ల ఉన్న వాచ్‌మన్ పాసే సూసిండు. తమ్ముని పేరున్నది, పో అన్నడు. గేటు సంగతి అడుగనే లేదు. ఆ కంపెనీ పిలగాని పేరు పాసుల లేకుండె, గందుకే వాన్ని ఆపిండు. వాన్ని ఆపింది సూసి గేటు బందున్నదని అందరు అనుకున్నరు" అన్నావు.

నేను ఎస్టీడీ డబ్బాలోనే దండం పెట్టాను, ఎవరికో తెలియదు. కానీ నువ్వు వెంటనే, "ఆ రియాక్టర్లు మళ్ల నడుస్తున్నయా?" అన్నావు. నిన్ననే మొదలుపెట్టారన్నాను. "జల్దీ పోయి చెప్పు నాయినా. అక్కడ తాళం లేదు. ఉన్నదనుకొని అందరు నిమ్మళంగ ఉన్నరు" అన్నావు. నా కొడుకు భయం ఒకటే అనుకుంటే, ఇప్పుడు ఆ షెడ్డు కింద నిలబడ్డవాళ్లందరి భయం నా నెత్తినెక్కింది. ఎవడో చేయి తగిలి ఒక్క అక్షరం కొడితే చాలు.

సాదుల్లా సాబ్‌ను తోలుకుని గేటు కాడికి పోయాను. లోపలికి పంపలేదు. రియాక్టర్ల చప్పుడు గోడ దాటి వస్తున్నది. ఆవిరి సుయ్యిమన్నప్పుడల్లా నేను కండ్లు మూసుకున్నాను. చివరికి మేనేజర్ సారు కారు బయటికి వచ్చినప్పుడు సాబ్ దానికి అడ్డంగా నిలబడ్డాడు. తన సెల్‌ఫోనులో నిన్ను కలిపి, అద్దంలోంచి ఆయన చేతికిచ్చాడు. నువ్వు ఇంగ్లీషులో ఏం చెప్పావో నాకు తెలియదు. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు, తర్వాత కారు వెనక్కి తిప్పాడు. రియాక్టర్లు ఆపించాడు. అది చాలు, ఆ పూట ఊపిరి పీల్చుకున్నాను.

కానీ లింగం సంగతికి ఆయన ఒక షరతు పెట్టాడు. అక్కడ అటువంటిదే ఇంకొక కంప్యూటర్ ఉన్నది, దేనికీ తగిలించనిది. ఎస్సై సారు ముందర, పాస్‌వర్డు లేకుండా, తన పేరు మీద లింగమే దాంట్లో రాయాలి. రాసుకుంటే తాళానిది తప్పు. 'వీల్లేదు' అని వస్తే ఆ సాయంత్రమే కేసు.

ఆ గదికి అద్దపు గోడ. నేను బయట, వాడు లోపల. ఫోనులో నువ్వు. సాబ్ ఆ ఫోను వాని చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ఏదన్న కొట్టు అన్నాడు మేనేజర్. వాడు చేతులు మీటల మీద పెట్టి తీసేస్తున్నాడు, పెట్టి తీసేస్తున్నాడు. బిడ్డా, నీ మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ ఆ క్షణంలో, సుమిత్ర లెక్క తప్పితే, అన్న మాట నా మనసులోకి వచ్చింది. దసరా నాడు అది రాయనివ్వదని నా కొడుకు నవ్వుతూ కొట్టాడు. ఇప్పుడు అది రాయనివ్వాలని మొక్కుతూ కొట్టాలి. ఎస్సై సారు, "ఏందిరా, పెండ్లి కార్డు రాస్తున్నవా? కొట్టు" అన్నాడు. వాడు తన పేరే కొట్టాడు, ఇంగ్లీషులో. దాచే మీట నొక్కాడు.

నాకు తెర కనబడదు. ముఖాలే కనబడుతున్నాయి. ఎవరూ కదలలేదు. మేనేజర్ వంగి, కంప్యూటర్ ఆపించి, మళ్లీ పెట్టించి, ఫైలు తెరిపించాడు. అప్పుడు సాదుల్లా సాబ్ కుర్చీ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. అయిపోయింది, నా కొడుకు అయిపోయాడు అనుకున్నాను. సాబ్ నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. ఉన్నది! వాని పేరు అట్లనే ఉన్నది! నేను అద్దానికి నుదురు ఆనించి పసిపిల్లవాని లెక్క ఏడ్చాను.

ఎస్సై సారు టోపీ తీసి తల గోక్కుని, "నా సర్వీసుల దొంగలకు తాళం వేసిన గానీ, తాళమే దొంగ అని ఎన్నడు రాయలే" అన్నాడు. అందరూ నవ్వారు. మేనేజర్ సారు లింగం భుజం తట్టాడు.

ఆ తర్వాతిది నీ గొప్పతనమే. గేటు సంగతి ముందు అడుగు, పాసు సంగతి తర్వాత చూడు అని కర్నల్‌లో రెండు వరుసలు జరిపి, ఆ సిస్టం చూసుకునే పెద్దలకు పంపావట కదా. వాళ్లు కొన్నాళ్లు వాదించి, ఒప్పుకుని, కింద నీ పేరు రాశారట కదా. మొగులయ్య బిడ్డ పేరు! నిద్రలో లేచి కూడా నవ్వుకుంటున్నానని మీ అమ్మ ఎక్కిరిస్తున్నది. సరిచేసిన కంప్యూటర్ ఫ్యాక్టరీకి వచ్చింది. సాబ్ మొన్న మళ్లీ రాసి చూస్తే 'వీల్లేదు' అన్నదట. ఆ మాట అంత తియ్యగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదన్నాడు.

యాదన్న ఇంటికొచ్చాడు. చెయ్యి పైకి లేవడం లేదు. నేను పోతే సోమమ్మ కుర్చీ వేసి తన పనికి పోయింది. నేను లేచేటప్పుడు మాత్రం వచ్చి, "తాళానిది తప్పయితే తాళానికి శిక్ష వేయుండ్రి. మా ఆయన చెయ్యి ఎవరు లేవడతరే?" అన్నది. రోజూ పోయి కూర్చుని వస్తున్నాను.

వేళకు తిను. కండ్లకు విశ్రాంతి ఇవ్వు. నువ్వు పుట్టిన నాడు ఆడపిల్లనా అన్నవాళ్లందరి ఇంటికీ బెల్లం పంచి వచ్చాను, ఇప్పుడు.

నీ పేరు తలుచుకుంటే కడుపు నిండే
మీ నాయిన,
మొగులయ్య.

తా.క.: మీ అమ్మ పాలకు పోయింది. ఆమె వినకుండా ఇది రాస్తున్నాను. లింగం క్షేమమని పైన రాసింది ఆమె కోసం. డ్యూటీ ఎక్కిన మాట నిజమే, కానీ వాడు చేతులు కట్టుకుని నిలబడుతున్నాడట. మీటలన్నీ సాదుల్లా సాబే వాని బదులు నొక్కుతున్నాడు. ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదని సాబ్ నాతో అన్నాడు. మళ్లీ చేరిన రోజు ఆఫీసులో సంతకం పెట్టమంటే, ఐటీఐ చదివిన పిల్లవాడు వేలిముద్ర వేసి వచ్చాడు. ఇంట్లో లైటు స్విచ్చి కూడా ముట్టడు. చీకట్లో కూర్చుంటే, అలసిపోయాడని మీ అమ్మ అనుకుంటున్నది. నిన్న ఈ కవరు మీద నీ అడ్రసు ఇంగ్లీషులో రాయమని పెన్ను చేతికిచ్చాను. చానాసేపు పట్టుకుని చూసి, "నేను రాస్తే ఎక్కడికి పోతదో నాయినా" అని కింద పెట్టి బయటికి పోయాడు. నీ పాత కవరు చూసి నేనే దించాను, అక్షరాలు వంకర పోయాయి. ఫోన్ చేయకు, పిలిచినా వాడు డబ్బా కాడికి రాడు. వచ్చే ఆదివారం వాడికి సెలవు. శనివారం బండెక్కు బిడ్డా.